డెలికటెసెన్: గోడలకు చెవులున్న మేడ

ఒక పాత మేడ, దాని కింద మాంసం కొట్టు. లోకం ఎలా పాడైందో ఎవరూ చెప్పరు, పాడైపోయిందంతే. బయట ఎప్పుడూ పచ్చగా పొగమంచు. పంటల్లేవు, పశువుల్లేవు, నోటుకు విలువ లేదు. కొట్టు యజమాని పేపర్లో ప్రకటన వేస్తాడు: మేడలో చిన్నాచితకా పనులు చూసుకునే మనిషి కావాలి, గది ఇస్తాం, తిండి పెడతాం అని. పని కోసం ఎవడో ఒకడు వస్తాడు. కొన్నాళ్ళు మెట్లు తుడుస్తాడు, బల్బులు మారుస్తాడు. ఒక రాత్రి తరవాత మరి కనబడడు. మర్నాడు కొట్టులో మాంసం ఉంటుంది. అది ఎవరి మాంసమో మేడలో అందరికీ తెలుసు.

1991లో ఫ్రాన్సులో వచ్చిన ‘డెలికటెసెన్’ కథ ఇది. జాన్ పియెర్ జూనే, మార్క్ కారో కలిసి తీశారు. ఇద్దరికీ ఇదే మొదటి పెద్ద సినిమా. అంతకు ముందు బొమ్మలతో యానిమేషన్ చిత్రాలు, పొట్టి సినిమాలు చేసిన వాళ్ళు. ఇంత ఘోరమైన సంగతిని నవ్విస్తూ చెప్పారు, పైగా ఎవరినీ కించపరచకుండా చెప్పారు. ఇప్పుడు స్టూడియోకెనాల్ అనే ఫ్రెంచి సినిమా సంస్థ వాళ్ళు 4కెలో, అంటే చాలా ఎక్కువ స్పష్టతతో, రీస్టోర్ చేసిన (పాత ఫిల్మును బాగు చేసిన) రూపం డిస్కు మీద దొరుకుతోంది. మా స్నేహితుడి కొడుకు విదేశం నుంచి సెలవుకి వస్తూ ఆ డిస్కు తెచ్చాడు. ఒంగోలులో కర్నూలు రోడ్డు దగ్గర వాళ్ళింట్లో పెద్ద టీవీ మీద అందరం కలిసి చూశాం. తరవాత నేనొక్కడినే తీరిగ్గా, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. నా మాట ముందే చెప్పేస్తున్నాను: డిస్కు గొప్పది, సినిమా అంతకన్నా గొప్పది.

నేను కనిగిరిలో చాలా కాలం సినిమా హాల్లో ఆపరేటర్ని. డిజిటల్ వచ్చి క్యాబిన్లు మూతపడే దాకా అదే పని. కాబట్టి రీస్టోర్ అనే మాట వింటే నేను కథ కన్నా ముందు ప్రింటు చూస్తాను. మా లాంటి సెంటర్లకు కొత్త ప్రింటు అనేది కలలో మాట. పెద్ద ఊళ్ళలో వంద రోజులో, యాభై రోజులో ఆడి, మెషిన్లలో నలిగి, చివరికి డబ్బాలు మా దాకా వచ్చేవి. అప్పటికి తెర మీద నిలువు గీతలు. హాల్లో జనం ‘బొమ్మలో వాన పడతా ఉంది’ అనేవాళ్ళు. నిజమే, ఎండాకాలం సీన్లో కూడా వానే. తెగిన చోట ఫిల్మ్ సిమెంటుతో అతికించేవాళ్ళం, అతికించిన ప్రతిసారీ రెండు మూడు ఫ్రేములు పోయేవి. అలా పోయి పోయి ఒక డైలాగు సగంలోనే తెగిపోయేది. తెర ముందు కూర్చున్న వాళ్ళకు అది సినిమా తప్పుగా కనబడేది. పాపం సినిమాది కాదు, దాని ఒంటి మీద పడ్డ దెబ్బలవి. అందుకే పాత సినిమాని ఎవరైనా శ్రద్ధగా బాగు చేశారంటే నాకు చెప్పలేనంత సంతోషం.

ఇందులో వాన లేదు. రీలు మారేటప్పుడు పై మూలన ఆపరేటర్ కోసం పడే గుండ్రటి చుక్కలు లేవు. సినిమా నిడివి 99 నిమిషాలు, మన లెక్కలో వెయ్యి అడుగుల రీళ్ళు తొమ్మిది. పదహారు రీళ్ళ సినిమాలు ఆడించిన నాకు ఇది ఇంటర్వెల్ దాటగానే అయిపోయినట్టు ఉంటుందనుకోవాలి కదా, అలా లేదు. అన్ని ఫ్రేముల్లోనూ సామాను నిండి ఉంటుంది. గోడ కాగితం పెచ్చులూడటం, ఇనప రెయిలింగు తుప్పు, కొట్టువాడి ఏప్రాన్ మీద మరకలు, మెట్ల మీద నూనె దీపం వెలుగు, అన్నీ విడివిడిగా కనబడుతున్నాయి.

అయితే ఒక హెచ్చరిక. సినిమా మొత్తం పసుపు, గోధుమ, ఆకుపచ్చ రంగుల్లోనే ఉంటుంది. నీలం దాదాపు లేదు. మొదటిసారి చూసేవాళ్ళు ప్రింటు వెలిసిపోయింది కాబోలు అనుకునే అవకాశం ఉంది. వెలిసిపోయిన ప్రింటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు వెలిస్తే మిగతా రంగులు పోయి బొమ్మంతా గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. ఆకాశం ఎర్రగా, గడ్డి ఎర్రగా. ఇక్కడ అది కాదు. కెమెరామన్ డారియస్ ఖోంజీ కావాలని ఆ రంగు పట్టించాడు. టెహరాన్‌లో పుట్టి ఫ్రాన్సులో పైకొచ్చిన మనిషి, ఆ తరవాత హాలీవుడ్‌లోనూ చాలా పేరు తెచ్చుకున్నాడు. బాగు చేసినవాళ్ళు ఆ రంగును అలాగే ఉంచారు. ఈ రోజుల్లో పాత సినిమాలను మెరిపించి, మొహాలు మైనం బొమ్మల్లా నున్నగా చేసి వదులుతున్నారు, ఆ పని చెయ్యలేదు. ఫిల్ముకు సహజంగా ఉండే సన్నటి గరుకుదనం తెర మీద కదులుతూనే ఉంది. అది ఉంటేనే చీకటికి లోతు వస్తుంది. ఈ సినిమాలో సగం చీకటే.

టైటిల్స్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కెమెరా ఒక చెత్తకుప్ప మీదుగా మెల్లగా జరుగుతూ పోతుంది. పనిచేసిన వాళ్ళ పేర్లన్నీ ఆ పారేసిన వస్తువుల మీదే ఉంటాయి. సంగీతం చేసిన కార్లోస్ దలెస్సియో పేరు పగిలిన గ్రామఫోను రికార్డు మీద, ఖోంజీ పేరు ఒక పాత కెమెరా మీద. పాడైన లోకంలో మిగిలినవి ఇవే అని మాట లేకుండా చెప్పారు. దలెస్సియో మరుసటి ఏడాదే, 1992లో పోయాడు. ఆ రికార్డు మీద అతని పేరు చూసినప్పుడు నాకు ఆ సంగతి గుర్తొచ్చి కాసేపు డిస్కు ఆపి కూర్చున్నాను.

ఇక అసలు సంగతి, శబ్దం. ఈ సినిమాను హెడ్‌ఫోన్స్‌తో చూడమని ఎందుకు చెబుతున్నానంటే, ఇది చెవితో చూడాల్సిన కథ. మేడ నిండా గొట్టాలు. కింద కొట్టులో కత్తి నూరితే ఆ గొట్టాల వెంట చప్పుడు పై అంతస్తు దాకా పాకుతుంది. సినిమా మొదలయ్యేదే అలా. కత్తి నూరుతున్న చప్పుడు, పైన గదిలో ఒకడు వణుకుతూ ఒంటికి కాగితాలు చుట్టుకుని చెత్తడబ్బాలో దాక్కుంటాడు, చెత్తతో పాటు బయటపడొచ్చని. బయటపడడు. జూనే ఒకప్పుడు మాంసం కొట్టు పైన గదిలో ఉండేవాడట. పొద్దున్నే కత్తి చప్పుడుకు మెలకువ వచ్చేదని, వాళ్ళు పక్కింటివాళ్ళను కోస్తున్నట్టున్నారు అనే వేళాకోళం నుంచి ఈ కథ పుట్టిందని ఆయనే చెప్పాడు. సినిమా చూస్తే నమ్మబుద్ధవుతుంది. రాసి తీసిన కథ కాదిది, విని తీసిన కథ.

మంచం సీను గురించి సినిమా తెలిసినవాళ్ళంతా చెబుతారు, నేనూ చెబుతాను. కొట్టు యజమాని క్లాపే, అతని ప్రియురాలు ప్లూస్ మంచం మీద ఉంటారు. మంచం స్ప్రింగులు కిర్రుమంటాయి. అంతే, మనకు ఇంకేమీ చూపించరు. ఆ కిర్రుకు తగ్గట్టు పై గదిలో కూతురు జూలీ సెల్లో మీద కమాను లాగుతుంది. ఒకామె తివాచీ దులుపుతుంది. ఒకడు సైకిలు ట్యూబుకు గాలి కొడతాడు. ముసలమ్మ అల్లిక అల్లుతుంది. కొత్తగా పనికొచ్చిన లూయిసోన్ సీలింగుకు రంగు వేస్తుంటాడు. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి పని వాళ్ళది, కానీ తాళం ఒకటే. మంచం వేగం పెరిగేకొద్దీ అందరి వేగం పెరుగుతుంది. చివరికి తీగ తెగడం, ట్యూబు పేలడం, సీలింగు నుంచి మనిషి కిందపడటం అన్నీ ఒక్కసారే. మాకు భజనలో చెక్కలు కొట్టడం తెలుసు కాబట్టి ఆ తాళం పెరిగే తీరు ఒంటికి తెలిసిపోతుంది. మా ఇంటావిడ మొదట మొహం పక్కకు తిప్పుకుంది, తరవాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. ఎడిటర్ ఎర్వే ష్నైడ్ చేతి పని అది. ఆ ఏడాది సినిమాకి ఫ్రాన్సు వాళ్ళ సెజార్ అవార్డులు నాలుగు వచ్చాయి: మొదటి చిత్రానికి, కథారచనకు, ఎడిటింగుకు, సెట్లకు. ఎడిటింగుకు రాకపోయుంటే అన్యాయమే జరిగేది.

అందరం నవ్వాం. కానీ రెండోసారి ఒక్కడినే చూస్తున్నప్పుడు ఆ సీన్లో ఇంకో సంగతి తట్టింది. మేడలో ఎవరి చప్పుడైనా అందరికీ వినబడుతుందని ఆ సీను మనకు రుజువు చేస్తోంది. మంచం చప్పుడు వినబడితే కత్తి చప్పుడూ వినబడుతుంది. రాత్రిపూట మెట్ల మీద ఒక మనిషి అరుపూ వినబడుతుంది. ఒక్కరూ తలుపు తియ్యరు. తెల్లారాక గిన్నె పట్టుకుని కొట్టు ముందు నిలబడతారు. ఈ సినిమాలో భయం వేసేది కత్తి చూసి కాదు, ఆ మూసి ఉన్న తలుపుల్ని చూసి. నవ్విస్తూ నవ్విస్తూ మనల్ని ఆ తలుపుల వెనక నిలబెడతారు.

చచ్చేవాడు ఎవరో కూడా గమనించండి. మేడలో వాడు కాదు, పని కోసం బయట నుంచి వచ్చినవాడు. వాడి కోసం అడిగే చుట్టం ఉండడు. వాడి ఊరు ఎవరికీ తెలియదు. మా కనిగిరి, పామూరు వైపు నుంచి పని కోసం హైదరాబాదు, బెంగళూరు పోని ఇల్లు తక్కువ. వానలు ముఖం చాటేసిన ఏడు పెట్టె సర్దుకుని, పిల్లల్ని ముసలివాళ్ళకు వదిలేసి పోతారు. గది ఇస్తాం, తిండి పెడతాం అన్న మాటకు పోతారు. అటు చీమకుర్తిలో చూస్తే బ్లాక్ గెలాక్సీ అనే గ్రానైటు రాయి కోసే చోట వేరే రాష్ట్రాల పిల్లలు కనబడతారు, మన మాట రాదు, మేస్త్రీ తప్ప ఇంకెవరూ తెలియదు. ఆ ఫ్రెంచి మేడ ముందు సూట్‌కేసు పట్టుకుని టాక్సీ దిగిన మనిషిని చూడగానే నాకు వీళ్ళంతా కళ్ళ ముందు మెదిలారు. క్లాపే అతన్ని పైనుంచి కింద దాకా చూస్తాడు. సన్నగా ఉన్నాడే అనుకుంటాడు. మనిషిని కూలికి కుదుర్చుకునేటప్పుడు కూడా కొందరు చూసే చూపు అదే. ఆ నటుడు జాన్ క్లోద్ డ్రేఫుస్ ఆ చూపును నవ్వు మొహంతో చూస్తాడు, అందుకే వెన్నులో చలి పుడుతుంది.

ఆ వచ్చినవాడు లూయిసోన్. సర్కస్‌లో జోకర్‌గా చేసినవాడు. అతని జోడీ ఒక చింపాంజీ, లివింగ్‌స్టన్ దాని పేరు. ఆకలి జనం దాన్ని తినేశారు. ఆ దెబ్బకి ఆట మానేసి ఈ మేడకు పనికొచ్చాడు. డొమినిక్ పినో అనే నటుడు ఈ వేషం వేశాడు. అతని మొహం ఒకసారి చూస్తే మరిచిపోలేం, రబ్బరు ముక్క ఎటు లాగితే అటు సాగినట్టు సాగుతుంది. జూనే తరవాత తీసిన సినిమాల్లోనూ ఇతను కనబడతాడు. ఇతను చేసిన మంచి పని ఏమిటంటే ఈ పాత్రని అమాయకుడిగా చెయ్యలేదు. లోకం ఎలాంటిదో తెలిసినవాడే, తన కోతిని తిన్నారు కదా. అయినా మనిషి పూర్తిగా చెడ్డవాడు కాడు, కాలమే అలా చేయిస్తుంది, లేకపోతే తాము చేసేది చెడని వాళ్ళకు తెలియదు అని నమ్ముతాడు. మేడలో పిల్లలకు సబ్బు బుడగలు ఊది చూపిస్తాడు. వాళ్ళు ఎంత అల్లరి పిల్లలైనా ఆ కాసేపు నోరు తెరుచుకుని చూస్తారు. మా ఇంటావిడకు అన్నిటికన్నా నచ్చిన సీను అదే.

జూలీకి చూపు తక్కువ. లూయిసోన్ టీకి వస్తున్నాడని కళ్ళద్దాలు తీసి పెట్టేస్తుంది, అందంగా కనబడాలని. అద్దాలు లేకుండా కప్పు ఎక్కడ, కెటిల్ ఎక్కడ అని ముందే ఒంటరిగా సాధన చేసి పెట్టుకుంటుంది. తీరా అతను వచ్చాక ఆ లెక్కలన్నీ తారుమారు. మరీ లోర్ దూన్యాక్ అనే అమ్మాయి వేసింది, ఎంత ముచ్చటగా చేసిందో. తరవాత ఇద్దరూ కలిసి వాయిస్తారు. ఆమె సెల్లో, అతను రంపం. వడ్రంగి రంపమే. పిడిని మోకాళ్ళ మధ్య ఇరికించి, కొసను ఎడమ చేత్తో వంచి, పళ్ళు లేని అంచు మీద కమాను లాగుతారు. వంపు పెరిగితే స్వరం పైకి పోతుంది, తగ్గితే కిందికి వస్తుంది. మధ్యలో మెట్లు లేవు, జారుడే. అందుకే అది మనిషి గొంతు తీసినట్టు ఉంటుంది. కొత్త డిస్కులో ఈ చోట శబ్దం మరీ బాగుంది. కమాను రేకు మీద పట్టు దొరికే ముందు వచ్చే చిన్న గీర కూడా వినబడింది. కింద కోసే పరికరాలు మోగుతున్న మేడలో పైన ఒక కోసే పరికరం పాట పాడుతోంది. ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్ళకు దండం పెట్టాలి.

ఈ కథలో డబ్బు బదులు గింజలు. మాంసానికి మొక్కజొన్న గింజలు కొలిచి పోస్తారు, పప్పుగింజలు కొలిచి పోస్తారు. క్లాపే దగ్గర బస్తాలు బస్తాలు ఉంటాయి. ఫ్రాన్సు జనానికి ఇది వింత ఊహ కావచ్చు, మాకు కాదు. మా నాయనమ్మ వాకిట్లోకి ఉప్పు బండి వస్తే జొన్నలు పోసి ఉప్పు కొనేది. గాజుల మలారం వాళ్ళకూ గింజలే. చాకలికి, మంగలికి, వడ్రంగికి కళ్ళంలోనే మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. సోల, తవ్వ, మానిక, కుంచం అన్నీ మా ఇంట్లో ఉండేవి, ఇప్పుడు ఆ తవ్వ ఒక్కటే మిగిలింది. గింజ చేతిలో ఉన్నవాడి మాటే చెల్లేదని ఆమె చెప్పేది. ధాత కరువు కథలు కూడా ఆమె చెప్పగా విన్నవే. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో పడ్డ కరువు అది, అప్పటికి మా కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. దానికన్నా ముందు 1832లో వచ్చిన నందన కరువు గుంటూరు, ఒంగోలు సీమల్ని ఊడ్చేసింది. ఆమె ఆ కథలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. చచ్చినవాళ్ళ గురించి చెప్పేది గానీ, బతికినవాళ్ళు ఎలా బతికారో అడిగితే మాట మార్చేది. ఈ సినిమా ఆ మార్చేసిన మాట దగ్గరే మొదలవుతుంది. బతికినవాళ్ళు ఎలా బతికారు అని అడుగుతుంది. అందుకే ఇది నాకు దూరదేశపు కథగా అనిపించలేదు.

ముసలమ్మ సంగతి ఇంకా బాధపెట్టింది. ఆ ఇంట్లో మామూలు కుటుంబం, మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. ఆమె ఎక్కడికి పోయిందో తెలియడానికి ఒంటికి డబ్బాలు కట్టి ఉంటాయి, నడిస్తే గలగలమంటాయి. ఇంట్లో ఇచ్చుకోవడానికి గింజ లేనప్పుడు ఆమె వంతు వస్తుంది. ఇక్కడ దర్శకులు నవ్వించాలని చూశారు. నేను నవ్వలేదు. మా స్నేహితుడి పెద్దమ్మ కూడా మాతో కూర్చుని చూస్తోంది, “ఏందబ్బాయ్, ఇట్టాంటి బొమ్మ పెట్టావు” అంది. కానీ లేచి పోలేదు, చివరి దాకా చూసింది. ఆమెకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రావు. మాటలు తక్కువ, చేతలు ఎక్కువ కాబట్టి మేము చెప్పకుండానే కథంతా పట్టేసింది. ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో, ఎవరు ఎవర్ని చూసి భయపడుతున్నారో మాకన్నా ముందే చెప్పింది.

మేడలో మిగతావాళ్ళు కూడా తలా ఒక రకం. నేలమాళిగలో నీళ్ళు నింపుకుని, కప్పలతో నత్తలతో కాపురం చేసే ఒక ముసలాయన ఉన్నాడు. అతని గదిలో నత్తగుల్లలు గుట్టలు గుట్టలు. కొత్త ప్రింటులో ఆ తడి, ఆ పాకుడు పచ్చదనం చూస్తుంటే ముక్కుకు వాసన తగిలినట్టు ఉంటుంది. క్యూబ్ సోదరులు అని ఇద్దరు ఉన్నారు, తిరగేస్తే అంబా అని అరిచే చిన్న డబ్బాలు తయారుచేస్తారు. ఆవులు ఎక్కడా మిగలని లోకంలో ఆవు అరుపు డబ్బాలో పెట్టి కూర్చున్నారు. ఒంగోలు గిత్తల ఊళ్ళో కూర్చుని చూస్తున్నాం కదా, ఆ అరుపు వినగానే అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మన జాతి పశువులు బ్రెజిల్ పోయి నెలోర్ అనే పేరుతో అక్కడ ఊరూరా పెరిగాయి, ఇక్కడేమో మంచి గిత్తను చూడాలంటే పందేల దాకా ఆగాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఓరోర్ అనే ఒకామె తన ప్రాణం తీసుకోవాలని మాటిమాటికీ ఏవేవో ఏర్పాట్లు చేసుకోవడం, అవి తప్పిపోవడం ఈ సినిమాలో ఒక వరస హాస్యం. ఆ ఏర్పాట్లలో పనితనం ఉంది, కాదనను. కానీ అలాంటి దుఃఖం చూసిన ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అప్పుల పాలై పొలంలోనే ప్రాణాలు తీసుకున్న పొగాకు రైతుల ఇళ్ళకు నేను పరామర్శకు పోయాను. కాబట్టి ఆ చోట నాకు సినిమా మీద కోపం వచ్చింది. ఆమెకు వినబడే గొంతుల వెనక ఉన్న అసలు సంగతి తెలిశాక అది హాస్యం కాదు, ఇంకో హత్య అని అర్థమవుతుంది. ఆ సంగతి ఇంకాస్త ముందే తెలిసేలా చేసి ఉండాల్సింది. ఈ విషయం మనసును కలచివేసే వాళ్ళు ముందే తెలుసుకుని కూర్చోండి, లేదా మానెయ్యండి.

భూమి కింద మురుగు సొరంగాల్లో బతికే తిరుగుబాటుదారులు ఉన్నారు, మాంసం తినని వాళ్ళు. వాళ్ళ భాగం నాకు సాగదీతగా అనిపించింది. మేడలో ఉన్నంతసేపు ఊపిరి సలపదు, వీళ్ళు రాగానే కథ కాస్త చల్లబడుతుంది. దర్శకుడు మార్క్ కారో కూడా వాళ్ళలో ఒకడిగా కనబడతాడు. వాళ్ళ దగ్గర నాకు నచ్చింది ఒక్కటే, తిండికి కరువైన కాలంలోనూ మేము ఇది తినం అని ఒక గీత గీసుకుని దాని మీద నిలబడటం. చివరి పదిహేను నిమిషాల్లో ఏమవుతుందో చెప్పను. నీళ్ళ పని బాగా ఉంది అని మాత్రం చెబుతాను. అంత నీళ్ళు, అంత చిన్న సెట్టు, ఎవరికీ ఏమీ కాకుండా ఎలా తీశారో అని ఒక పనివాడిగా నోరెళ్ళబెట్టాను.

పిల్లలకు చూపించొద్దు. తెర మీద రక్తం పెద్దగా లేదు, కోసేది చూపించరు, కానీ విషయం వాళ్ళకు భారం. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళయితే పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు, చూశాక మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది. మా స్నేహితుడి మనవడు ఇంటర్ చదువుతున్నాడు, సినిమా అయ్యాక “తాతా, ఆ మేడలో మనం ఉంటే తలుపు తీసేవాళ్ళమా” అని అడిగాడు. గదిలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు.

డిస్కు కొనాలనుకునేవాళ్ళకు కొన్ని సంగతులు. 4కె యూహెచ్‌డీ డిస్కులకు ప్రాంతం తాళం ఉండదు, ఏ దేశంలో కొన్నా ఇక్కడ ఆడుతుంది. మామూలు బ్లూ-రేకి అలా కాదు, మన దేశం సి రీజియన్, అమెరికా ఏ, యూరప్ బి, కాబట్టి అట్ట మీద చూసి కొనండి. యూహెచ్‌డీ డిస్కు మామూలు బ్లూ-రే ప్లేయర్లో ఆడదు, దానికి తగ్గ ప్లేయర్ కావాలి. విడిగా కొనక్కర్లేదు, ఇంట్లో పిల్లల దగ్గర డిస్కు పెట్టే రకం పీఎస్5 (ప్లేస్టేషన్ 5 అనే ఆటల పెట్టె) ఉంటే చాలు, మేము దాని మీదే చూశాం. టీవీలో వచ్చే ‘వివిడ్’, ‘మోషన్ స్మూత్’ లాంటి సెట్టింగులు తప్పకుండా ఆపెయ్యండి, లేకపోతే బాగు చేసినవాళ్ళ శ్రమంతా మీ టీవీ పాడు చేస్తుంది. గదిలో లైట్లు ఆపండి. మాటలు ఫ్రెంచిలోనే ఉంటాయి, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. మన భాషలో ఒక మంచి సబ్‌టైటిల్ ఎవరైనా చేస్తే నేను పక్కన కూర్చుని లైను లైనుకూ సాయం పడతాను. టీవీ స్పీకర్లతో మాత్రం చూడకండి, ఆ గొట్టాల చప్పుడు వాటిలో సగం కూడా రాదు.